అధ్యక్షుడి సంతకం, సభ ఓటు: ఈసారి ఉత్తరాలన్నీ అధికారం గురించే

కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పడం మానేసినా ఈ శీర్షిక వల్ల నాకు విద్యార్థుల కొరత లేదు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద: దేశాధ్యక్షుడికీ చట్టసభకూ మధ్య అధికారం ఎలా పంచాలి, రాజ్యాంగం మారిస్తే ఏం బాగుపడుతుంది, ఏం చెడుతుంది. మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి చోటంతా వీటికే ఇచ్చేస్తున్నాను. కొన్ని జవాబులు పొడుగయ్యాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పార్లమెంటులో రోజూ గొడవలు, వాయిదాలు చూసి విసుగొచ్చేసింది. అమెరికాలాగా ప్రజలే నేరుగా ఒక అధ్యక్షుణ్ణి ఎన్నుకుని పూర్తి అధికారం ఆయన చేతికిస్తే పనులు చకచకా అవుతాయి కదా? మన రాజ్యాంగం రాసినవాళ్లకు ఈ ఆలోచన ఎందుకు రాలేదు?

జవాబు: రాకపోవడమేమిటండీ! 1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని సభ ముందు పెడుతూ అంబేడ్కర్ మొదట్లోనే ఎత్తుకున్న విషయాల్లో ఇదొకటి. ఆయన వాదన సారాంశం ఇదీ. ప్రజాస్వామ్యంలో ప్రభుత్వం నిలకడగా ఉండాలి, జవాబుదారీగానూ ఉండాలి. రెండూ సమపాళ్లలో ఇచ్చే ఏర్పాటు ఇంతవరకూ ఎవరికీ కుదరలేదు. అమెరికా పద్ధతిలో నిలకడ ఎక్కువ, జవాబుదారీతనం తక్కువ. బ్రిటన్ పద్ధతిలో నిలకడ తక్కువైనా జవాబుదారీతనం ఎక్కువ. అమెరికాలో లెక్క అడిగేది కొన్నేళ్లకోసారి ఎన్నికల్లో. పార్లమెంటరీ పద్ధతిలో సభ్యులు రోజూ అడుగుతారు: ప్రశ్నలు, తీర్మానాలు, అవిశ్వాసం, చర్చలు. ఆ పైన ఎన్నికలప్పుడు ప్రజలు అడుగుతారు. ఈ రోజువారీ లెక్క మనలాంటి దేశానికి మరింత అవసరమని ఆయన తేల్చిచెప్పారు.

ఎమర్జెన్సీ రోజుల్లో ఈ చర్చ మళ్లీ లేచింది. 1976లో స్వరణ్ సింగ్ కమిటీ దాన్ని పరిశీలించి, పార్లమెంటరీ పద్ధతే ఉంచాలంది. అంటే మన దగ్గర ఈ ఆలోచన చేసి, వద్దనుకున్నారు.

ఇక అమెరికా అధ్యక్షుడికి పూర్తి అధికారం ఉందన్న మాట. కాంగ్రెస్ మంజూరు చేయకుండా ఆయన ఒక్క డాలరు ఖర్చుపెట్టలేరు. మంత్రులకూ, ఫెడరల్ జడ్జీలకూ సెనేట్ ఒప్పుకోవాలి. విదేశాలతో ఒప్పందానికి సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఖర్చుల బిల్లు ఆగిపోయి 2018 డిసెంబరు నుంచి 2019 జనవరి దాకా 35 రోజులు అక్కడి ప్రభుత్వ కార్యాలయాలు చాలా మూతపడ్డాయి. 2025లో అక్టోబరు 1 నుంచి 43 రోజులు. ఆ రెండోసారి ఉభయ సభల్లోనూ అధ్యక్షుడి పార్టీకే మెజారిటీ ఉంది, అయినా సెనేట్‌లో కావలసిన 60 ఓట్లు రాలేదు. లక్షల మంది ఉద్యోగులు జీతాల్లేకుండా గడిపారు. మన పద్ధతిలో బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వమే పడిపోతుంది, కొత్తది వస్తుంది. అక్కడ అధ్యక్షుడూ కదలరు, కాంగ్రెసూ కదలదు.

మీ విసుగు నాకు అర్థమైంది. కానీ దానికి మందు వేరేచోట ఉందని నా అభిప్రాయం. 1985లో 52వ సవరణతో వచ్చిన ఫిరాయింపుల చట్టం మంచి ఉద్దేశంతోనే పుట్టింది. కానీ దానివల్ల ప్రతి బిల్లు మీదా విప్ (ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) జారీ చేయొచ్చు, ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. సొంత పార్టీ బిల్లులో తప్పు కనిపించినా ఎంపీ నోరు మెదపలేడు. విశ్వాస, అవిశ్వాస తీర్మానాలు, ద్రవ్య బిల్లు లాంటి కొన్నింటికే ఈ శిక్ష పరిమితం చేయమని 1990లో దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది. ఆ ఒక్క మార్పు చేసినా సభలో అరుపులు తగ్గి మాటలు పెరుగుతాయని నేను గట్టిగా నమ్ముతాను. ఓటు ఎటు పడుతుందో ముందే ఖాయమైపోయినప్పుడు ఇక వాదించి ఎవర్ని ఒప్పించాలి?

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చివరి ఏడాది. శ్రీలంక రాజ్యాంగంలో 17 నుంచి 21 దాకా సవరణలన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయట. నంబర్లు కలిసిపోయి ఒకటే కన్ఫ్యూజన్. కాస్త విడమరిచి చెబుతారా?

జవాబు: ముందు ఒక చిట్కా రాసుకో బాబూ. ఈ ఐదింటిలో బేసి సంఖ్యలు (17, 19, 21) అధ్యక్షుడి అధికారాన్ని కత్తిరించాయి, సరి సంఖ్యలు (18, 20) మళ్లీ పెంచాయి. పరీక్షకు ఇది చాలు. అయితే ఎందుకలా జరిగిందో తెలిస్తే చిట్కా కూడా అక్కర్లేదు.

1977 ఎన్నికల్లో జె.ఆర్. జయవర్ధనే పార్టీకి 168 సీట్లలో 140 వచ్చాయి. ఆ బలంతో, ప్రధానిగా ఉన్న ఆయనే 1978లో కార్యనిర్వాహక అధ్యక్షుడయ్యారు. కొత్త రాజ్యాంగంలో అధ్యక్షుడే దేశానికీ, ప్రభుత్వానికీ, సైన్యానికీ అధిపతి. మంత్రివర్గానికి ఆయనే పెద్ద. ఎన్నికలై ఏడాది దాటితే పార్లమెంటును రద్దు చేయొచ్చు. 1982లో ఆయన సొంత పార్టీ ఎంపీల దగ్గర తేదీ వేయని రాజీనామా పత్రాలు సంతకాలతో సహా తీసి పెట్టుకున్నారు. ఆ ఏడాదే ఎన్నికలకు బదులు రెఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) జరిపి సభ గడువును మరో ఆరేళ్లు పెంచారు. 1977లో ఎన్నికైన సభ 1988 చివరిదాకా నడిచింది. క్లాసులో ఈ రాజీనామాల సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు అడిగేవారు, తేదీ లేని కాగితం చెల్లుతుందా అని. చెల్లడం, చెల్లకపోవడం తర్వాతి మాట. తన సంతకం ఉన్న ఆ కాగితం అధ్యక్షుడి బీరువాలో ఉందని తెలిసిన మనిషి సభలో ఓటు ఎలా వేస్తాడో ఊహించుకో.

ఈ కార్యనిర్వాహక అధ్యక్ష పదవిని రద్దు చేస్తామని 1994లో చంద్రిక కుమారతుంగ గెలిచారు. పదవి అలాగే ఉండిపోయింది. 2001లో 17వ సవరణ వచ్చింది. ఎన్నికల సంఘం, పోలీసు కమిషన్ లాంటి వాటికీ, పై కోర్టులకూ నియామకాలు అధ్యక్షుడు ఒక్కడే చేయకుండా రాజ్యాంగ మండలి అనే వడపోత పెట్టింది. 2010లో 18వ సవరణ ఆ మండలిని పీకేసింది, రెండుసార్లకు మించి పోటీ చేయరాదన్న నియమాన్నీ తీసేసింది. అప్పుడు అధ్యక్షుడు మహింద రాజపక్స, అప్పటికే ఆయన రెండోసారి గెలిచారు. 2015లో మైత్రిపాల సిరిసేన గెలిచి 19వ సవరణ తెచ్చారు. పదవీకాలం ఆరు నుంచి ఐదేళ్లకు తగ్గింది, రెండుసార్ల పరిమితి తిరిగొచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, సభ ఎన్నికై నాలుగున్నరేళ్లు నిండకుండా అధ్యక్షుడు దాన్ని రద్దు చేయకూడదు, సభే మూడింట రెండు వంతుల ఓట్లతో కోరితే తప్ప.

ఆ నియమానికి పరీక్ష పెట్టింది కూడా సిరిసేనే. 2018 అక్టోబరు 26న ప్రధాని రణిల్ విక్రమసింఘేను తీసేసి మహింద రాజపక్సను కూర్చోబెట్టారు. సభలో రాజపక్సకు మెజారిటీ కుదరదని తేలాక నవంబరు 9న సభనే రద్దు చేశారు. సుప్రీంకోర్టు ఆ రద్దును ఆపగానే సభ తిరిగి కూర్చుంది. నవంబరు 16న సభ లోపలే కారం పొడి చల్లారు, కుర్చీలు విసిరారు. పోలీసుల రక్షణ మధ్య స్పీకర్ కరు జయసూర్య ఓటింగ్ జరిపించారు.

కోర్టులో వాదన ఎక్కడ నడిచిందో చూడు, నువ్వు నేర్చుకోవలసింది అక్కడుంది. సభను పిలవడం, ముగించడం, రద్దు చేయడం అధ్యక్షుడి అధికారాలని 33వ అధికరణంలో ఒక ఉపక్లాజు ఉంది. నాలుగున్నరేళ్ల షరతు ఉన్నది 70వ అధికరణంలో. 33 తనకు విడిగా అధికారం ఇస్తోందన్నది అధ్యక్షుడి పక్షం. అక్కడున్నది అధికారాల పట్టిక మాత్రమే, వాడుకునే తీరు 70 ప్రకారమేనని డిసెంబరు 13న ఏడుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. మూడు రోజులకు విక్రమసింఘే మళ్లీ ప్రధాని అయ్యారు. 19 రాసినవాళ్లు 33లోని ఆ ఉపక్లాజులో ‘70కి లోబడి’ అన్న మాట అప్పుడే చేర్చి ఉంటే ఈ వాదనకు తావే ఉండేది కాదని నాకు అనిపిస్తుంది. సవరణ అంటే కొత్త వాక్యం చేర్చడం ఒక్కటే కాదు, మిగతా వాక్యాలన్నీ దానితో పొసుగుతాయో లేదో చూసుకోవడం కూడా.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. 2020 అక్టోబరులో గొటబాయ రాజపక్స హయాంలో 20వ సవరణ అధికారాలను తిరిగిచ్చింది, రద్దు గడువును రెండున్నరేళ్లకు దించింది. 2022లో ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది, జులైలో జనం అధ్యక్ష భవనంలోకి వెళ్లారు, ఆయన దేశం విడిచి వెళ్లిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 21వ సవరణ రాజ్యాంగ మండలిని మళ్లీ తెచ్చింది. రెండున్నరేళ్ల గడువు మాత్రం అలాగే ఉంది.

ప్రశ్న: దక్షిణ కొరియాలో అధ్యక్షుడు మార్షల్ లా ప్రకటిస్తే తెల్లారేసరికి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మన దగ్గర 1975లో ఎమర్జెన్సీ 21 నెలలు సాగింది. తేడా ఎక్కడుంది? మనుషుల్లోనా, రాజ్యాంగంలోనా? (ఒక హైస్కూలు టీచర్)

జవాబు: మంచి ప్రశ్న అడిగారమ్మా. రెండింట్లోనూ ఉంది.

2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నర ప్రాంతంలో యూన్ సుక్ యోల్ టీవీలో కనిపించి మార్షల్ లా ప్రకటించారు. ఆ వెంటనే వచ్చిన సైనిక ఉత్తర్వు జాతీయ సభ కార్యకలాపాలనే నిషేధించింది. గేట్ల దగ్గర పోలీసులు, హెలికాప్టర్లలో దిగిన సైనికులు. ఎంపీలు గోడలెక్కి లోపలికి దూకారు. అరవై ఏడేళ్ల స్పీకర్ ఊ వన్ షిక్ కూడా కంచె ఎక్కి దిగారు. లోపల సిబ్బంది బల్లలూ కుర్చీలూ తలుపులకు అడ్డం పెట్టారు. సభలో మొత్తం 300 మంది, కావలసింది 151 ఓట్లు. 190 మంది చేరుకోగలిగారు. సైనికులు భవనంలోకి వచ్చేశారు, తొందరగా ఓటు పెట్టమని సభ్యుల ఒత్తిడి. అయినా తీర్మానం పద్ధతి ప్రకారం నమోదయ్యేదాకా స్పీకర్ ఆగారు. రేపు కోర్టులో ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆయన పట్టుదల. రాత్రి ఒంటిగంట ప్రాంతంలో 190కి 190 ఓట్లూ పడ్డాయి. అందులో అధ్యక్షుడి సొంత పార్టీవాళ్లు 18 మంది. తెల్లవారుజామున నాలుగున్నరకు మార్షల్ లా పోయింది. డిసెంబరు 14న సభ ఆయన్ను అభిశంసించింది, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా పదవి నుంచి తొలగించింది.

వాళ్లు గోడ దూకింది దేనికోసం? 77వ అధికరణంలోని ఒక చిన్న క్లాజు కోసం. మొత్తం సభ్యుల్లో సగానికి మించి కోరితే అధ్యక్షుడు మార్షల్ లాను ఎత్తేసి తీరాలి. అందులో ఆయన విచక్షణకు చోటు లేదు. ఆ క్లాజు లేకపోతే ఆ ఓటు ఉత్త నిరసన తీర్మానంగా మిగిలేది. సైనిక పాలనను చవిచూసిన దేశం 1987లో రాజ్యాంగాన్ని తిరగరాసుకున్నప్పుడు కూడా ఆ క్లాజును జాగ్రత్తగా ఉంచుకుంది.

మన దగ్గర 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టారు. కేంద్ర మంత్రివర్గానికి విషయం తెలిసింది మర్నాడు ఉదయం. అప్పటి 352వ అధికరణంలో మంత్రివర్గం రాతపూర్వకంగా చెప్పాలన్న షరతు లేదు. ‘అంతర్గత కల్లోలం’ అంటే చాలు. పార్లమెంటు కూర్చునేసరికి జులై చివరి వారాలు వచ్చాయి, ప్రతిపక్ష నాయకులు చాలామంది జైల్లో ఉన్నారు.

1978లో 44వ సవరణ దీన్ని బాగుచేసింది. ఇప్పుడు మంత్రివర్గ నిర్ణయం కాగితం మీద రావాలి. కల్లోలం సరిపోదు, యుద్ధమో, విదేశీ దురాక్రమణో, సాయుధ తిరుగుబాటో ఉండాలి. నెలలోపు ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో (మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు) ఒప్పుకోవాలి, ఆరు నెలలకోసారి మళ్లీ ఒప్పుకోవాలి. మీ పిల్లలకు తప్పకుండా చెప్పవలసిన క్లాజు ఒకటుంది. లోక్‌సభ సభ్యుల్లో పదోవంతు మంది సంతకాలతో నోటీసు ఇస్తే 14 రోజుల్లో సభను ప్రత్యేకంగా సమావేశపరచాలి. అక్కడ మామూలు మెజారిటీతో కాదంటే ఎమర్జెన్సీ రద్దు కావలసిందే. పెట్టడానికి ప్రత్యేక మెజారిటీ, తీసేయడానికి మామూలు మెజారిటీ. ఎంత ముందుచూపుతో రాశారో చూడండి.

ప్రశ్న: మన రాష్ట్రపతి నిజంగా రబ్బరు స్టాంపేనా?

జవాబు: కాదు, కానీ మీరు అనుకునేంత బలమూ లేదు. 42వ సవరణ మంత్రివర్గ సలహా పాటించి తీరాలంది, 44వ సవరణ ఒక్కసారి పునరాలోచించమని వెనక్కి పంపే వీలిచ్చింది. 1997లో కె.ఆర్. నారాయణన్ ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన సిఫారసును ఇలాగే వెనక్కి పంపారు, కేంద్రం విరమించుకుంది. 2006లో అబ్దుల్ కలాం లాభదాయక పదవుల బిల్లును తిప్పి పంపారు. పార్లమెంటు మార్చకుండా మళ్లీ పంపితే సంతకం పెట్టారు. 1986 నాటి పోస్టాఫీసు సవరణ బిల్లు, అంటే ఉత్తరాలు విప్పి చూసే అధికారం ఇచ్చే బిల్లు, జైల్ సింగ్ బల్ల మీద అలాగే ఉండిపోయింది. 111వ అధికరణంలో ఇన్ని రోజుల్లోగా అన్న గడువు లేదు మరి.

అసలు బలం బయటపడేది ఎవరికీ మెజారిటీ లేనప్పుడు. 1979లో ప్రధాని చరణ్ సింగ్ లోక్‌సభ ముఖం చూడకుండానే రాజీనామా చేసి సభ రద్దుకు సలహా ఇచ్చారు. జనతా పార్టీ నేత జగ్జీవన్ రామ్ తనకు బలం ఉందంటున్నా నీలం సంజీవరెడ్డి ఆగస్టు 22న సభను రద్దు చేశారు. సభలో ఒక్కసారైనా బలం నిరూపించుకోని ప్రధాని సలహా మీద సభను రద్దు చేయవచ్చా? చేయకూడదనే నా ఉద్దేశం. తెలుగువాడైన రాష్ట్రపతి మీద గౌరవం ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు.

ప్రశ్న: మీరు ఎప్పుడూ సభ పక్షమే మాట్లాడతారు. సభ కూడా నియంతలా ప్రవర్తించవచ్చు కదా? (ఒక న్యాయవాది)

జవాబు: ప్రవర్తించవచ్చు సార్, పెరూ దీనికి పెద్ద ఉదాహరణ. అక్కడి రాజ్యాంగం 113వ అధికరణం ప్రకారం ‘శాశ్వత నైతిక అసమర్థత’ కారణంగా అధ్యక్ష పదవి ఖాళీ అయినట్టు కాంగ్రెస్ ప్రకటించవచ్చు. అప్పట్లో కాంగ్రెస్‌లోని 130 మందిలో 87 మంది ఒప్పుకుంటే సరిపోయేది, నైతిక అసమర్థత అంటే ఏమిటో ఎక్కడా నిర్వచనం లేదు. 2020 నవంబరు 9న అధ్యక్షుడు మార్టిన్ విస్కారాను ఇలాగే దించారు. మర్నాడు వచ్చిన మెరినో, వీధుల్లో నిరసనలు చెలరేగి ఇద్దరు యువకులు చనిపోయాక, 15న రాజీనామా చేశారు. 17న సగస్తీ వచ్చారు. 2022 డిసెంబరు 7న అప్పటి అధ్యక్షుడు పెడ్రో కాస్టియో తన తొలగింపు మీద ఓటు జరగాల్సిన రోజునే టీవీలో కాంగ్రెస్‌ను రద్దు చేస్తున్నానన్నారు. ఆ అధికారం ఆయనకు లేదు. కొద్ది గంటల్లో కాంగ్రెస్సే ఆయన్ను దించేసింది, ఆ రోజే అరెస్టయ్యారు.

దించే అధికారం ఉండాలి. కానీ దించేవాళ్లు బాధ్యత కూడా నెత్తినెత్తుకోవాలి. జర్మనీ 1949లో చేసిన ఏర్పాటు నాకు బాగా నచ్చుతుంది. ఛాన్సలర్‌ను దించాలంటే ఆయన స్థానంలో ఎవరో అదే ఓటులో ఎన్నుకోవాలి. వైమర్ రోజుల్లో, అంటే హిట్లర్‌కు ముందున్న జర్మన్ గణతంత్రంలో, నాజీలూ కమ్యూనిస్టులూ కలిసి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేసేవారు, కలిసి నడిపే మాట మాత్రం లేదు. ఆ అనుభవం నుంచి పుట్టిందిది. 1972లో విల్లీ బ్రాంట్‌ను దించే ప్రయత్నం రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది. 1982లో హెల్ముట్ ష్మిట్ స్థానంలో హెల్ముట్ కోల్ ఇలాగే వచ్చారు. జాతీయ స్థాయిలో నెగ్గింది ఆ ఒక్కసారే.

ప్రశ్న: ఫ్రాన్స్‌లో అధ్యక్షుడు బలవంతుడంటారు, మరి ప్రధానులు అంత తొందరగా ఎందుకు పడిపోతున్నారు?

జవాబు: 1958 రాజ్యాంగంలో అధ్యక్షుడి బలం సభలో తన పక్షానికి మెజారిటీ ఉన్నంతవరకే. లేకపోతే పగ్గాలు ప్రధాని చేతికి పోతాయి. 1986 తర్వాత మూడుసార్లు ప్రత్యర్థి పార్టీ ప్రధానితో అధ్యక్షుడు కాపురం చేయాల్సి వచ్చింది. దాన్ని తప్పించాలని 2000లో రెఫరెండంతో అధ్యక్షుడి పదవీకాలాన్ని ఏడు నుంచి ఐదేళ్లకు దించి సభ కాలంతో కలిపారు. ఇరవై ఏళ్లు అది పనిచేసింది. 2024 జూన్‌లో మాక్రాన్ సభను రద్దు చేశాక వచ్చిన కొత్త సభ మూడు ముక్కలైంది, ఎవరికీ మెజారిటీ లేదు. ఆ డిసెంబరు 4న 331 ఓట్లతో బార్నియే ప్రభుత్వం పడింది. 1962 తర్వాత అవిశ్వాసంతో ప్రభుత్వం పడటం అదే మొదటిసారి. 2025 సెప్టెంబరులో బైరూ తానే విశ్వాసం కోరి ఓడిపోయారు.

ప్రశ్న: మేడమ్, మేము లా చదువుతున్నాం. కాలేజీ పోటీ కోసం ఒక ఊహా దేశానికి సవరణ ముసాయిదా రాశాం. చూసి చెప్పండి. 14: దేశ భద్రతకు ముప్పు ఉందని అధ్యక్షుడు భావిస్తే చట్టంతో సమానమైన ఆదేశాలు జారీ చేయవచ్చు. 15: ఆ ఆదేశాలను సభ తన తదుపరి సమావేశంలో ఆమోదించాలి. 16: ఈ సవరణ ఆమోదం పొందిన వెంటనే అమల్లోకి వస్తుంది.

జవాబు: ఓపిగ్గా రాశారమ్మా, చాలా సంతోషం. ఎర్ర పెన్నుతో దిద్దినట్టే చెబుతాను, ఏమీ అనుకోకండి.

14లో ‘భావిస్తే’ అన్నచోట ఆగండి. ఒక్క మనిషి భావిస్తే చాలా? మంత్రివర్గం రాతపూర్వకంగా ఒప్పుకోవాలని చేర్చండి. పైన టీచర్ గారికి రాసిన జవాబు చూడండి.

15లో ‘తదుపరి సమావేశం’ ఎప్పుడు? ఎవరు పిలుస్తారు? పిలవకపోతే? ఆమోదించకపోతే ఆదేశం చచ్చిపోతుందా, బతికే ఉంటుందా? మన 123వ అధికరణం ప్రకారం సభ తిరిగి కూర్చున్న ఆరు వారాలకు ఆర్డినెన్స్ గడువు తీరిపోతుంది. రాష్ట్రాల్లో గవర్నర్‌కు 213 కింద అదే నియమం. అంత స్పష్టంగా రాసినా బీహార్‌లో ఏం జరిగిందో తెలుసా? పుణెలోని గోఖలే సంస్థలో ఆర్థికశాస్త్రం పరిశోధించే డి.సి. వాధ్వా అక్కడి భూముల విషయం తవ్వుతూ ఒక వింత గమనించారు. 1967 నుంచి 1981 వరకు 256 ఆర్డినెన్స్‌లు, శాసనసభ ముందుకు రాకుండానే గడువు తీరగానే మళ్లీ మళ్లీ జారీ అవుతూ బతికాయి. చెరకు సరఫరా మీద తెచ్చినది దాదాపు 14 ఏళ్లు నడిచింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1986లో కోర్టు దీన్ని రాజ్యాంగాన్ని మోసగించడమేనని తప్పుపట్టి, ఆయన శ్రమకు పదివేల రూపాయలు ఖర్చుల కింద ఇప్పించింది. కాబట్టి మీ 15లో గడువుతో పాటు, అదే ఆదేశం తిరిగి జారీ చేయరాదన్న మాట కూడా ఉండాలి.

ఇంకొకటి, ఆ ఆదేశం నడుస్తున్నంత కాలం సభను రద్దు చేయకూడదని రాయండి. వైమర్ జర్మనీలో 48వ అధికరణం కింద వచ్చిన అత్యవసర ఆదేశాన్ని సభ కాదనవచ్చు. 1930 జులైలో కాదంది కూడా. అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ 25వ అధికరణం వాడి సభనే రద్దు చేశారు, అవే ఆదేశాలు మళ్లీ వచ్చాయి. కాదనే హక్కు ఒక క్లాజులో ఇచ్చి, కాదన్నవాళ్లను ఇంటికి పంపే హక్కు ఇంకో క్లాజులో ఇస్తే మొదటిదానికి విలువేముంది?

16 అన్నిటికన్నా ప్రమాదం. పదవిలో ఉన్న మనిషికే లాభం చేసే సవరణ వెంటనే అమల్లోకి రాకూడదు. కొరియా రాజ్యాంగం 128వ అధికరణం చూడండి. పదవీకాలం పెంచే, మళ్లీ పోటీకి వీలిచ్చే సవరణ ఏదైనా ఆ ప్రతిపాదన నాటికి అధ్యక్షుడిగా ఉన్న వ్యక్తికి వర్తించదు. దీనికి ఎదురు ఉదాహరణ తుర్కియే. 2017 ఏప్రిల్ 16న రెఫరెండంలో 51 శాతం పైచిలుకు ఓట్లతో ప్రధాని పదవి రద్దయింది, అధికారాలు అధ్యక్షుడికి చేరాయి. అప్పటికే అధ్యక్షుడిగా ఉంటూ దానికోసం ప్రచారం చేసిన ఎర్డోగానే 2018లో ఆ కొత్త అధికారాలతో మళ్లీ గెలిచారు. పాకిస్తాన్‌లో 2010లో అరుదైన పని జరిగింది. జాతీయ సభను రద్దు చేసే అధికారంతో నాలుగు ప్రభుత్వాలను పడగొట్టిన 58(2)(బి) క్లాజును 18వ సవరణ తొలగించింది. సంతకం పెట్టింది ఆ అధికారం చేతిలో ఉన్న అధ్యక్షుడు జర్దారీయే.

తిరగరాసి పంపండి, తప్పకుండా చదువుతాను. అన్నట్టు, డబ్బు గురించి మీ ముసాయిదాలో ఒక్క వాక్యం లేదు. సభ బడ్జెట్ ఆమోదించకపోతే అమెరికాలోలాగా ఆఫీసులు మూతపడతాయా, స్పెయిన్‌లోలాగా పాత బడ్జెట్టే కొనసాగుతుందా, ప్రభుత్వం దిగిపోతుందా? 14, 15ల జోలికి వెళ్లకముందు కూర్చుని ఆ క్లాజు రాయండి.